దకు కొమ్ము

ఈ మధ్య మా అపార్టుమెంటులో పై అంతస్తు అమ్మాయిని ఏం ఉద్యోగం చేస్తున్నావని అడిగాను. బొమ్మలకు పేర్లు పెట్టే ఉద్యోగం అంది. రోజంతా తెర మీద ఫొటోలు వస్తూ ఉంటాయట. ఇది కుక్క, ఇది స్కూటరు, ఇది రోడ్డు దాటుతున్న మనిషి అని గుర్తులు పెడుతూ పోవాలట. వాటిని చూసి యంత్రం నేర్చుకుంటుందట. "మీకు చెప్పినా అర్థం కాదులెండి అంకుల్" అని నవ్వింది.

నాకు బాగానే అర్థమైంది. ఇంచుమించు ఆ పనే నేనూ చేశాను. అప్పట్లో దానికొక పేరంటూ లేదు. ఆ అమ్మాయి బొమ్మలకు పేర్లు పెడుతోంది, నేను చప్పుళ్ళకు పెట్టాను. ఆ పనిలో ఒకే ఒక్క అక్షరం తప్పు పెట్టి ఒక మనిషి ఉద్యోగం మీదికి తెచ్చాను. ఇప్పుడు అదే పనిలో ఉన్న ఆ అమ్మాయిలాంటి వాళ్ళు చదువుతారన్న ఆశతో ఇది రాస్తున్నాను.

సికింద్రాబాద్‌లో ఏ సందులో చూసినా కంప్యూటర్ శిక్షణ బోర్డులు వేలాడుతున్న రోజులవి. నేను అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా ఒక దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌ని. జిల్లాల నుంచి విలేకరులు చేత్తో రాసి పంపే వార్తల్ని చదివి, దిద్ది, శీర్షిక పెట్టి పంపడం నా పని. బస్సులో మోకాలి మీద పెట్టుకుని రాసినవి, వానలో తడిసినవి, పోలీస్ స్టేషన్ బెంచీ మీద రాసినవి, అన్నీ చదివేవాణ్ణి. మిగతావాళ్ళు చదవలేక వదిలేసిన కాగితాలు నా బల్ల మీదికే వచ్చేవి. అది నాకు గర్వంగా ఉండేది. ఆ తర్వాత పత్రికలో చేతిరాత పోయింది, ఫ్యాక్సు వచ్చింది, అదీ పోయే రోజులు వచ్చాయి. నా విద్యకు గిరాకీ తగ్గింది.

అప్పుడు బేగంపేటలో ఒక చిన్న కంపెనీకి విచిత్రమైన మనిషి కావలసి వచ్చాడు. తెలుగు, ఇంగ్లీషు రెండూ రాయగలగాలి, ఎలాంటి చేతిరాతైనా చదవగలగాలి. ఇంటర్వ్యూలో ఆ కంపెనీ పెద్దాయన నన్ను ఒకటే అడిగాడు, చదవలేని రాత ఎప్పుడైనా ఎదురైందా అని. లేదన్నాను. ఆ జవాబు గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ పెద్దాయన నౌకాదళంలో చేసి రిటైరయ్యాడు, గోదావరి వైపు మనిషి. ఆయన కంపెనీ తయారు చేసేది రేవులకు కాపలా కాసే సోనార్. సోనార్ అంటే భయపడకండి. నీళ్ళలోకి ఒక చప్పుడు పంపుతారు, అది దేనికో తగిలి తిరిగి వస్తుంది. తిరిగొచ్చిన తీరును బట్టి ఎదురుగా ఉన్నదేమిటో, ఎంత దూరంలో ఉందో, ఎటు కదులుతోందో చెప్పాలి. ఓడలు ఆగి ఉన్న రేవులోకి నీటి కిందుగా ఈదుకుంటూ ఎవడైనా వస్తే ముందుగా హెచ్చరించాలి. పరికరం వేరేచోట తయారయ్యేది. వచ్చినది చేపల గుంపా, తాబేలా, మనిషా అని తేల్చే సాఫ్ట్‌వేర్ మాత్రం మా పని. సముద్రం మొహం చూడని ఊళ్ళో, రెండో అంతస్తులో కూర్చుని సముద్రాన్ని వినేవాళ్ళం. అసలు చిక్కు విమానాలతో. బేగంపేటలో అవి మా డాబాను రాసుకుంటూ పోతున్నట్టు దిగేవి. కిటికీ అద్దాలు గలగలలాడితే హెడ్‌ఫోన్లు తీసి, విమానం పోయేదాకా టీ తాగేవాళ్ళం.

మా మొదటి రేవు తూర్పు తీరంలో ఉంది. పేరు అనవసరం. అక్కడ నీళ్ళలో పెట్టిన పరికరం పగలూ రాత్రీ రికార్డు చేసేది. రాళ్ళ గట్టు చివర ఒక గది, ఆ గదిలో ఒక కాపలాదారు, ఒక గంట. అతను తన కంటికి కనిపించినవన్నీ, టైముతో సహా, రూళ్ళ పుస్తకంలో తెలుగులో రాయాలి. నెలకోసారి రికార్డింగుల సీడీలు, ఆ పుస్తకాలు ఒక అట్టపెట్టెలో రైలెక్కి వచ్చేవి. పెట్టె విప్పితే గదంతా ఎండుచేపల వాసన. ఏ టైముకి ఏ చప్పుడు ఉందో, ఆ టైముకి కాపలాదారు ఏం చూశాడో జతపరిచి జాబితా టైపు చెయ్యడం నా వంతు. నేను ఇది తాబేలు అంటే యంత్రానికి అది తాబేలు. నేను ఇది పడవ అంటే పడవ. దానికి వేరే దిక్కు లేదు.

నా జాబితాను యంత్రానికి నేర్పించే ఇంజనీరు ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. వాళ్ళది శ్రీకాకుళం వైపు. తండ్రి ఉద్యోగం కోసం వచ్చి కాప్రాలో స్థిరపడ్డారు. నన్ను మాస్టారూ అనేది. నేను ఎవరికీ పాఠం చెప్పిన పాపాన పోలేదు గానీ, ఆ పిలుపు బాగుండేది. పరికరాల సంగతి చూసే టెక్నీషియన్‌ది బొల్లారం. మంచి ఈతగాడు. కాప్రా చెరువులో పరికరాన్ని పరీక్షించిన రోజు దొంగ వేషం అతనిదే. గుర్రపుడెక్క పక్కకు జరిపి మావాళ్ళు అతన్ని నీళ్ళలోకి దింపారు. అతను మునిగి అటు చివర తేలేలోపు గట్టు మీద జనం పోగయ్యారు. ఎవరో మునిగిపోయారని ఒకామె ఏడుపు అందుకుంది. అతను తేలి "నేను బతికే ఉన్న అమ్మా, నువ్వు పరేషాన్ గాకు" అని చెప్పాకే ఊరుకుంది. ఆ రోజు రికార్డు చేసిన చప్పుడు మా దగ్గర ఉన్న మొదటి నికార్సైన మనిషి చప్పుడు. కాళ్ళు కొట్టడం, ఊపిరి వదలడం, బుడగలు, అన్నీ అందులో ఉన్నాయి.

ఇక నేను చేసిన ఘనకార్యం సంగతి.

ఆ రేవులో దొంగల బెడద ఉంది. ఈదుకుంటూ వచ్చి, ఆగి ఉన్న ఓడల నుంచి ఇత్తడి సామాను, తాళ్ళు కోసుకుపోయేవాళ్ళు. మా యంత్రం కావాలని రేవువాళ్ళు అడిగిందే అందుకు. అందుకని ఆ కాపలాదారు పుస్తకాల్లో నా కళ్ళు మొదట వెతికింది దొంగ కోసం. మూడో పుస్తకంలో దొరికింది. దొంగ వచ్చింది, పోటు మీద, ఉత్తరం గోడ కాడికి పోయింది. పోటు అంటే సముద్రం లోపలికి పొంగే వేళ. ఆ తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. మొత్తం ఏడు దొరికాయి.

దొంగ వచ్చింది ఏమిటి, దొంగ వచ్చాడు అనాలి కదా. రాసినవాడికి వ్యాకరణం రాదనుకున్నాను. పద్దెనిమిదేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే దిద్దింది. వచ్చాడు, పోయాడు అని టైపు చేశాను. ఏడింటిలో ఒకచోట మాత్రం అతను వచ్చినాడనే రాశాడు, గంట కొట్టినాను అని కూడా రాశాడు. అది చూసి, ఫరవాలేదు, ఒక్కచోటైనా సరిగా రాశాడు అనుకున్నాను.

మొదట అనుమానం వచ్చింది ఇంజనీరు అమ్మాయికి. ఒకరోజు హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ఈ దొంగలు ఈదడం లేదు మాస్టారూ అంది. మన బొల్లారం దొంగ కాళ్ళు కొడుతున్నాడు, ఊపిరి వదులుతున్నాడు. వీళ్ళేమో ఒక్కడు తప్ప మిగతావాళ్ళు నీళ్ళు ఎటు లాగితే అటు పోతున్నారు, చెయ్యి కూడా కదపడం లేదు. ఆ కాపలాదారుకి ఒకసారి ఫోన్ చేసి అడుగుదామా అంది.

నేను అక్కర్లేదన్నాను. రాత నాకు తెలుసు అన్నాను.

పత్రికలో నాకు పని నేర్పిన పెద్ద సబ్ ఎడిటర్ ఒక మాట చెప్పేవాడు, అనుమానం వస్తే విలేకరికి ఫోన్ చెయ్యి అని. నేను ఆ మాట ఎప్పుడూ తప్పలేదు. ఇక్కడ నాకు అనుమానమే రాలేదు. అనుమానం రాని చోట ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు.

ఫోన్ చెయ్యలేదు కాబట్టి మేమంతా కలిసి ఒక సిద్ధాంతం కట్టాం. వీళ్ళు ఆరితేరిన దొంగలు. ఆటుపోట్లు చూసుకుని, కదలకుండా నీళ్ళలో తేలుతూ లోపలికి వస్తున్నారు, చప్పుడు కాకుండా ఉండటానికి. పెద్దాయనకు ఇది బాగా నచ్చింది. నౌకాదళంలో ఉండగా ఇలాంటివి విన్నానన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఫరవాలేకపోయేది. ఏడుసార్లు దొంగ వస్తే కాపలాదారు గంట కొట్టింది ఒక్కసారి. మరి మిగతా ఆరుసార్లు ఎందుకు కొట్టలేదు? చూశాడు, పుస్తకంలో రాశాడు, ఊరుకున్నాడు. అంటే దొంగలతో కలిసిపోయాడు. ఈ సంగతి రేవు అధికారులకు చెప్పడం మన బాధ్యత అన్నాడు పెద్దాయన. ఆ ఉత్తరం రాసింది నేనే. మంచి ఉత్తరం. ఎక్కడా నింద వెయ్యకుండా, అంతా అర్థమయ్యేలా రాశాను. పత్రికలో అలాంటివి రాయడం అలవాటే.

రేవువాళ్ళు ఆ కాపలాదారుని పనిలోంచి పక్కన పెట్టారు. విచారణ మా ఆఫీసులోనే జరపాలనుకున్నారు, రికార్డింగులు, తెర ఇక్కడే ఉన్నాయి గనక. అదే రోజు మా సాఫ్ట్‌వేర్‌నీ చూసి సరేననో కాదనో చెప్పాలని, వాళ్ళ భద్రతాధికారి వస్తున్నాడు. ఆయన విమానంలో వస్తాడు. కాపలాదారు రైల్లో వస్తాడు. నేనూ మా టెక్నీషియనూ పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళి అతన్ని తీసుకురావాలి.

నేను ఊహించుకున్న మనిషి వేరు. దిగింది అరవైకి దగ్గర పడ్డ, ఎండకు నల్లబడ్డ బక్కపల్చటి మనిషి. చంకలో గుడ్డసంచి. మమ్మల్ని చూసి రెండు చేతులూ జోడించాడు. దొంగలతో కలిసినవాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, రైల్లో నిద్రపట్టని మనిషి మొహం ఎలా ఉంటుందో తెలుసు. స్టేషన్ ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చోబెట్టాం. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగాడు. మా టెక్నీషియన్ అతని ముందుకు బిస్కెట్ల పళ్ళెం జరిపి, "తిను తాతా, అక్కడ బోయినంక ఎంతసేపు కూసుండబెడ్తరో ఏమో" అన్నాడు.

మాటల్లో అతని సంగతి కొంత తెలిసింది. చేపలవేట మానుకున్నాక ఈ కాపలా పని దొరికింది. రాయడం వచ్చినవాడికే ఇస్తామన్నారట. వాళ్ళ పేటలో పెద్దవాళ్ళకు బడి పెట్టినప్పుడు యాభై ఏళ్ళ వయసులో అక్షరాలు నేర్చుకున్నాడు. ముందు నేర్చుకుంది భార్య, తర్వాత అతనికి నేర్పింది ఆమే. ఆమె మహా గట్టిదట.

"దకి కొమ్ము సరిగ్గా తిప్పకపోతే మొట్టికాయ ఏసేది బాబూ" అన్నాడు నెత్తి తడుముకుంటూ. మొట్టికాయ నిన్ననే పడినట్టు తడుముకున్నాడు.

కాసేపాగి అడిగాడు. "నా మీద ఏటి రాసినారు బాబూ? అక్కడ ఎవులూ సెప్పనేదు. పని ఆపీమన్నారు, అంతే."

అతనికి తెలియాలి కదా అనిపించింది. నా సంచిలో ఉన్న జాబితా తీసి ఇచ్చాను. అతను కళ్ళకు దూరంగా పట్టుకుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. దొం, గ. వ, చ్చా, డు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"ఎవుడు బాబూ?"

దొంగ అన్నాను.

"నాను దొంగోడని రాయనేదే. దుంగ వచ్చింది అని రాసినాను. కలప ఓడ కాడ జారి నీల్లల్లో పడిపోద్ది కదా బాబూ, సగం మునిగిపోయి పోటుకి అలాగ కొట్టుకొస్తాది, ఆ దుంగ." కాగితం నాకు తిరిగి ఇచ్చాడు. కోపం లేదు అతని గొంతులో, ఆశ్చర్యమే. "దొంగోడైతే గంట కొట్టనా? దుంగకి గంటేటి బాబూ?"

మా టెక్నీషియన్ ముందు పకపకా నవ్వాడు. నవ్వుతూనే నా మొహం చూసి ఆపేశాడు. "ఏంది సార్, నిజంగనే గట్లయిందా?" అన్నాడు మెల్లగా.

ఆటోలో ఆఫీసుకు పోతున్నంత సేపూ ఆ వాక్యమే కళ్ళ ముందు తిరిగింది. వచ్చింది. పోయింది. అతని వ్యాకరణంలో లోపం ఏమీ లేదు. దుంగ వస్తుంది, దొంగ వస్తాడు. రెండూ అతను సరిగ్గానే రాశాడు. దొంగ నిజంగా వచ్చిన ఒక్కసారీ వచ్చినాడు అని రాశాడు, గంట కొట్టాడు. ఇంతకన్నా స్పష్టంగా ఎవడు రాస్తాడు?

ఆఫీసుకు రాగానే అసలు పుస్తకం తీశాను. ఒక ఆశ మిగిలి ఉంది, రాత గజిబిజిగా ఉండి ఉంటుందని. లేదు. దకు కొమ్ము కుడివైపుకు నిండుగా తిరిగి ఉంది. భార్య మొట్టికాయలు ఊరికే పోలేదు. ఏడో చోట దకు ఒత్వం, అదీ అంతే నిండుగా ఉంది. రెండూ పక్కపక్కన పెడితే చిన్నపిల్లలైనా తేడా చెబుతారు. నేను చదవలేదు, అంతే. దొంగ కోసం వెతికాను, దొంగను చూశాను. పత్రిక వాడికి దుంగ వార్త కాదు కదా.

ఇంజనీరు అమ్మాయికి చూపించాను. ఆమె పుస్తకం చాలాసేపు చూసి, "అందుకే కాళ్ళు కొట్టలేదు" అంది. నన్ను దెప్పడానికి ఆమెకు హక్కుంది, అవకాశమూ ఉంది. రెండూ వాడుకోలేదు. ఆరు నెలలుగా ఆమె యంత్రానికి దుంగల్ని చూపించి దొంగలని నేర్పిందన్నమాట. కాసేపట్లో అధికారి ముందు ఆ యంత్రం కొట్టుకొచ్చే ప్రతి కర్రముక్కకూ కేకలు పెడుతుంది.

పెద్దాయన గదిలోకి వెళ్ళి చెప్పాను. ఆయన తిట్టలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. చేతిరాత సరిగా అర్థం కాలేదని చెబుదాం అన్నాడు. అలాంటివి ఎక్కడైనా జరుగుతాయి, ఎవరికీ పెద్ద తప్పు అంటదు. అతని మీద దొంగతనం మాటా పోతుంది. మనకు ఇంకో రెండు నెలలు గడువు అడగొచ్చు.

వినడానికి బాగానే ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. ఆరుగురు మనుషులున్న కంపెనీ, ఈ రేవు పోతే మూతపడుతుంది. కానీ రాయడం వచ్చినవాడికే ఆ పని ఇస్తారన్న సంగతి ఆయనకు తెలియదు. నాకు తెలుసు, గంట కిందటే, చాయ్ తాగుతూ విన్నాను. రాత అర్థం కాదు అని ఒకసారి కాగితం మీదికి ఎక్కితే ఆ మనిషికి ఆ గట్టు మీద చోటుండదు. ఆ సంగతి చెప్పాను. రాత స్పష్టంగా ఉంది సార్ అని కూడా చెప్పాను. అప్పుడే ఒక విమానం దిగింది, అద్దాలు గలగలలాడాయి. ఆయన అది పోయేదాకా ఆగి, కళ్ళజోడు పెట్టుకుని, పద, ఆయన వచ్చేసి ఉంటాడు అన్నాడు. సరే అనలేదు, వద్దనీ అనలేదు.

భద్రతాధికారి నిదానస్తుడు. బల్ల అటు చివర కూర్చుని ఫైలు తెరిచాడు. కాపలాదారుని కూర్చోమన్నా కూర్చోలేదు, సంచి పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. ఆరుసార్లు దొంగను చూసి గంట ఎందుకు కొట్టలేదని అధికారి అడిగాడు.

దుంగ అని అతను చెబుతాడనుకున్నాను. పొద్దున నాకు చెప్పినట్టే చెబితే చాలు. అతను ఒకసారి నావైపు చూశాడు. నా మొహం ఎలా ఉందో మరి.

"నా రాత అంత బాగుండదు బాబూ" అన్నాడు. "ముసిలితనంలో నేర్సుకున్నాను కదా. సదివినోరికి తెలిసుండదు."

హోటల్లో బిస్కెట్లు తినిపించినందుకు నన్ను కాపాడుతున్నాడు. తన రాతకు తనే వంక పెడుతున్నాడు, దానివల్ల ఏం పోతుందో తెలిసి కూడా. అధికారి కలం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. పత్రికలో పనిచేసినవాడికి ఒక సంగతి తెలుస్తుంది. నోటితో అన్నది గాలికి పోతుంది, రాసుకున్నది మిగులుతుంది. ఆ కలం వాక్యం పూర్తి చెయ్యకముందే లేచాను. అసలు పుస్తకం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, నేను మడిచిపెట్టిన పేజీ తెరిచాను.

"సార్, ఈ వరస ఒకసారి పైకి చదవండి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, చదివాడు. "దుంగ వచ్చింది. పోటు మీద. ఉత్తరం గోడ కాడికి పోయింది." ఎక్కడా తడబడలేదు. పేజీ తిప్పి ఇంకొకటి చూపించాను. దుంగ వచ్చింది. ఇంకొకటి. దుంగ వచ్చింది. ఆరూ చదివాడు. ఏడోది తెరిచాను. "దొంగ వచ్చినాడు. గంట కొట్టినాను. పారిపోనాడు."

ఇప్పుడు నేను టైపు చేసింది చదవమని నా కాగితం పక్కన పెట్టాను. అది ఆయన పైకి చదవలేదు. లోపలే చదువుకున్నాడు.

"దీన్ని ఎవరు మార్చారు?"

"నేనే సార్. తప్పనుకుని దిద్దాను."

"ఎవరి తప్పనుకుని?"

"వారిది."

మా పెద్దాయన కిటికీ వైపు చూస్తున్నాడు. తర్వాత ఆయనే నెమ్మదిగా, ఆ ఉత్తరం మా కంపెనీ తరఫున వెళ్ళింది, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాం అన్నాడు. అధికారి తాను రాసుకున్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. ఒకసారి కొట్టి, మళ్ళీ రెండోసారి కొట్టాడు. అప్పుడు గోడవార నిలబడ్డ మనిషి కూర్చున్నాడు.

ఆ రోజు మా యంత్రం ప్రదర్శన సంగతి అడక్కండి. తెర మీద ఒక దుంగ వచ్చింది, యంత్రం దొంగ దొంగ అని మోగింది. అధికారి నవ్వకుండా ఉండటానికి మీసం దువ్వుకున్నాడు. ఇంజనీరు అమ్మాయి దాపరికం లేకుండా జరిగిందంతా చెప్పి మూడు నెలలు అడిగింది. ఆయన రెండు ఇచ్చాడు. ఒక పని కూడా చేశాడు. కాపలాదారుని ఇంకో రెండు రోజులు ఇక్కడే ఉంచి వెళ్ళాడు, పుస్తకాలన్నీ అతని ఎదురుగానే మళ్ళీ చదవమని.

ఆ రెండు రోజులు నేను చదివాను, అతను విన్నాడు. వాక్యం పూర్తయ్యాక అతను తలూపితేనే టైపు చేశాను. నేను తప్పు చదివింది దుంగ ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది. ఇంకా ఎన్నో చోట్ల నేను అందంగా దిద్దిపెట్టాను. తేలీ మునిగీ అని అతను రాస్తే తేలుతూ అని కుదించాను. మునగడం లేకపోతే అది వేరే వస్తువు. మధ్యలో ఇంజనీరు అమ్మాయి అతని తలకు హెడ్‌ఫోన్లు పెట్టి అతని రేవు చప్పుళ్ళు వినిపించింది. వాళ్ళిద్దరిదీ ఒకే వైపు యాస, అది వింటే నాకు ఆ గదిలో నేనే పొరుగూరివాణ్ణి అనిపించింది. అతను కళ్ళు మూసుకుని విని, "ఇదేటమ్మా, కుక్కరు ఈలేసినట్టున్నాది. ఇదా మా సముద్రం?" అన్నాడు. అంతలో విమానం దిగింది. హెడ్‌ఫోన్లలోంచి కూడా అది వినిపించి ఉలిక్కిపడ్డాడు.

అతన్ని రైలెక్కించడానికి మా టెక్నీషియనూ నేనూ వెళ్ళాం. క్షమించమని అడగాలని పొద్దుటి నుంచీ మాటలు కూర్చుకుంటున్నాను. బండి కదిలేవేళకు ఒక్క మాటా గుర్తురాలేదు. నా రాత వల్ల మీకు మాటొచ్చింది అని అతనే అన్నాడు. మీ రాతలో లోపం లేదన్నాను. "మా ఆడదానికి సెప్తాను" అని నవ్వాడు. అతనికి ఆ ఒక్క మాట చాలినట్టుంది.

ఆ తర్వాత మా ఆఫీసులో నా పేరు దుంగ సార్ అయింది. "దుంగ సార్, చాయ్ తాగుతరా?" అని మా టెక్నీషియన్ రోజూ అడిగేవాడు. పేరు పెట్టడం అతని హక్కు, నేను ఒక్కరోజు కూడా అభ్యంతరం చెప్పలేదు. రెండు నెలలకు యంత్రం దారికి వచ్చింది. దుంగను చూసి ఊరుకుంది, ఈతగాణ్ణి చూసి మోగింది. రేవువాళ్ళు తీసుకున్నారు.

అట్టపెట్టెలు వస్తూనే ఉన్నాయి. ఆ సంఘటన తర్వాత వచ్చిన మొదటి పుస్తకంలోనే ఒక కొత్త సంగతి కనిపించింది. దుంగ అని రాసిన ప్రతిచోటా పక్కన చిన్న అక్షరాలతో, దకు కొమ్ము అని రాశాడు. ఒక్కచోట కూడా మరిచిపోలేదు. అది నామీద విసురేమోనని మొదట అనుకున్నాను. తర్వాత, కాదు, దూరాన కూర్చుని చదివే మనిషికి చేసిన సాయం అని అర్థమైంది. తను చూసింది ఇంకొకడు చూడలేడని తెలిసినవాడే అలా రాస్తాడు. పద్దెనిమిదేళ్ళు నాకు వార్తలు పంపిన విలేకరుల్లో అలా రాసినవాళ్ళు ఎవరూ లేరు. అలా రాయాలని నేనూ వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు.

రెండేళ్ళకు అతనికి పని విరమించే వయసు వచ్చింది. చివరి పుస్తకం మామూలుగానే పెట్టెలో వచ్చింది, అదే ఎండుచేపల వాసనతో. చివరి పేజీ చదివి, పక్క బల్ల దగ్గరికి తీసుకెళ్ళి ఇంజనీరు అమ్మాయికి కూడా చూపించాను. ఆమె చదివి, "దిద్దకండి మాస్టారూ" అంది.

దిద్దలేదు. ఒక్క అక్షరం కూడా మార్చకుండా, అతను రాసినట్టే, జాబితాలో ఆఖరి వరసగా టైపు చేశాను.

నేడు నా డూటీ ఆకరు. దుంగ రానేదు. దొంగ రానేదు. సముద్రం బాగున్నాది.